ఆకు కదిలినా ఫోను మోగుతుంటే ఏం చేయాలి? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో, వాట్సాప్ మెసేజుల్లో ఎక్కువ భాగం ఒకటే గోడు. ఇంటి బయట కెమెరా పెట్టించుకున్నాం, మనిషొస్తే ఫోనుకి చెప్తదన్నారు, తీరా చూస్తే పిల్లి పోయినా కొమ్మ ఊగినా చినుకు పడినా టింగు టింగుమంటానే ఉంది, విసుగొచ్చి నోటిఫికేషన్లు ఆపేశాం అని. నెల్లూరు నుంచీ ఇదే, ఒంగోలు నుంచీ ఇదే, మధ్యలో కావలి, సింగరాయకొండ నుంచీ ఇదే. అందుకని ఈ సంచికలో జాగా మొత్తం దీనికే ఇచ్చేశాను. ఒక్క మాట ముందు చెప్పుకుందాం. అలర్ట్లు ఎక్కువైతే అందరూ చేసే మొదటి పని యాప్‌లోకి పోయి సెన్సిటివిటీ, అంటే ఎంత చిన్న కదలికకి మోగాలనేది, తగ్గించడం. నా లెక్కలో అది ఆఖర్న చేయాల్సిన పని. దాన్ని తగ్గిస్తే కొమ్మతో పాటు మనిషి కూడా తప్పిపోతాడు. కెమెరా దేన్ని చూస్తా ఉంది, ఏ వెలుతురులో చూస్తా ఉంది అనేది ముందు సరిచేసుకోవాలి, సెట్టింగుల జోలికి ఆ తర్వాత పోదాం.

ప్రశ్న: మాది గ్రౌండ్ ఫ్లోరు ఇల్లు, ముందర వసారా, ఒక వేపచెట్టు. వసారా మూలన గొట్టంలా పొడుగ్గా ఉండే బుల్లెట్ కెమెరా పెట్టించాం. పగలంతా బానే ఉంటది, రాత్రి 7 అయిందంటే చాలు వరసపెట్టి అలర్ట్లే. ఓపెన్ చేసి చూస్తే తెల్లటి గీతలు, ఉండలు ఎగురుతా ఉంటాయి, ఒక్కోసారి దారం లాంటిది ఊగుతా కనపడుద్ది. మా అత్తగారు అదేదో గాలి అని భయపడతా ఉంది. అసలు ఏంది ఇది?
– ఒక పాఠకురాలు, మాగుంట లేఅవుట్, నెల్లూరు

జవాబు: అమ్మా, ముందు అత్తగారికి ధైర్యం చెప్పండి, అది గాలీ కాదు ధూళీ కాదు, పురుగులు. ఊగే దారం సాలెపురుగు పోగు. కెమెరా లెన్సు చుట్టూ ఐఆర్ లైట్లు, అంటే చీకట్లో చూడ్డానికి ఇన్‌ఫ్రారెడ్ వెలుగు ఇచ్చేవి, ఉంటాయి, 850 నానోమీటర్ల రకమైతే చీకట్లో మన కంటికి కొంచెం ఎర్రగా కనపడతాయి, 940 రకమైతే అసలు కనపడవు, కెమెరాకి మాత్రం అది పెద్ద టార్చిలైటు. లెన్సుకి జానెడు దూరంలో దోమ ఎగిరిందనుకోండి, ఆ వెలుగంతా దాని మీద పడుద్ది, అంత దగ్గర్లో ఫోకస్ ఉండదు కాబట్టి దోమ కాస్తా పిడికెడు తెల్ల ముద్దలాగా కనపడుద్ది.

లోపల జరిగేది కూడా చెప్తాను, ఇది అర్థమైతే మిగతా ఉత్తరాలన్నీ తేలిగ్గా అర్థమైపోతాయి. మామూలు మోషన్ డిటెక్షన్‌కి మనిషీ తెలీదు, పురుగూ తెలీదు. ఇందాకటి ఫ్రేముకీ ఇప్పటి ఫ్రేముకీ ఎన్ని పిక్సెల్స్, అంటే బొమ్మలోని చుక్కలు, మారినయ్యో చూసుకుంటది, ఆ తేడా ఒక హద్దు దాటితే అలర్ట్ కొడతది, అంతవరకే దానికి తెలిసింది. గేటు దగ్గర నిలబడిన మనిషి బొమ్మలో వేలెడంత ఉంటాడు, లెన్సు ముందు దోమ అరచేయంత ఉంటది, అందుకే దోమకే అలర్ట్ ముందొస్తది. సాలెపురుగులకి కెమెరా గొడుగు కింద మంచి చోటు, వెచ్చగా ఉంటది, వానకి తడవదు, తిండి దాని దగ్గరికే వస్తది.

చేయాల్సింది ఏందంటే, వారానికోసారి మెత్తటి బ్రష్షుతో గానీ పాత మెత్తని గుడ్డతో గానీ కెమెరా చుట్టూ, గొడుగు కింద దులిపేయండి. దోమల స్ప్రే మాత్రం లెన్సు అద్దం మీద పడకుండా చూసుకోండి, అద్దం మీద పూత పాడైతే రాత్రి బొమ్మ మసకబారిపోద్ది, తర్వాత కెమెరా మార్చడం తప్ప దారి ఉండదు. రెండోది, మీ వసారాలో కెమెరా పక్కనే తెల్ల ఎల్ఈడీ బల్బు ఉంటే దాన్ని మార్చండి, తెల్ల వెలుగుకి పురుగులు బాగా వస్తాయి, పసుపు వెలుగుకి తక్కువ వస్తాయి. అన్నిటికంటే బాగా పనిచేసేది మూడోది. కెమెరాలో ఐఆర్ లైట్లు సెట్టింగ్స్‌లో ఆపేసి, విడిగా దొరికే ఐఆర్ ల్యాంపు ఒకటి తెచ్చి కెమెరాకి ఐదారు అడుగుల పక్కగా బిగించండి. పురుగులు మెరిసినా ఆ ల్యాంపు ముందర మెరుస్తాయి, లెన్సు ముందు కాదు. ఆ ఖర్చు వద్దనుకుంటే గేటు దగ్గర 9 వాట్ల పసుపు బల్బు రాత్రంతా వెలగనిచ్చి కెమెరాని కలర్ మోడులోనే ఉంచేయండి, రాత్రికి 11 గంటలు వెలిగినా నెలకి 3 యూనిట్లు కాలుద్ది, అంతకంటే కాదు. బల్బు గేటు దగ్గరే ఉండాలి, కెమెరా పక్కన ఉండకూడదు, ఇది మర్చిపోవద్దు.

ఇక వాన పడిన సాయంత్రం ఉసిళ్లు లేస్తాయి చూడండి, ఆ గంటసేపు ఏ సెట్టింగూ పనిచేయదు. వసారా లైటు ఆపేసి ఊరుకోండి, అవే పోతాయి.

ప్రశ్న: సార్, నేను కొన్నది మనిషిని గుర్తుపట్టే రకం కెమెరా. హ్యూమన్ డిటెక్షన్ ఆన్ చేశాను కూడా. అయినా రోజూ మనిషి వచ్చాడు మనిషి వచ్చాడు అంటది, చూస్తే ఎవరూ ఉండరు. ఇంక దీనికి అంత డబ్బు పోసి ఏం లాభం?
– ఒక పాఠకుడు, లాయర్‌పేట, ఒంగోలు

జవాబు: లాభం ఉంది సార్, తొందరపడి తీసేయబాకండి. మీరు పంపిన వీడియో ముక్కలు నాలుగూ చూశాను. రెండింట్లో మేడ మీద దండేనికి ఆరేసిన నైటీ ఊగతా ఉంది. ఒకదాంట్లో ఎదురు ఇంటి గోడకి కట్టిన ఫ్లెక్సీ, దాంట్లో నాయకుడు దండం పెడతా నిలువెత్తున ఉన్నాడు, గాలికి ఫ్లెక్సీ ఊగినప్పుడల్లా ఆయన కదుల్తున్నట్టే ఉంది. నాలుగోది పక్కన కడతా ఉన్న ఇంటికి వేలాడదీసిన దిష్టిబొమ్మ. ఈ మూడింటికీ మనిషి ఆకారం ఉంది, తలా భుజాలూ చేతులూ ఉన్నాయి. కెమెరాలో ఉండే ప్రోగ్రాముకి వేలకొద్దీ మనుషుల బొమ్మలు చూపించి నేర్పి ఉంటారు, అది ఆకారం చూసి ఇంత శాతం మనిషి అయ్యుండొచ్చు అని అంచనా వేస్తది, ప్రాణం ఉందా లేదా అనేది దానికి తెలిసే దారి లేదు.

కాబట్టి మీ కెమెరాని తిట్టుకోవాల్సిన పని లేదు, దాని ముందున్న దృశ్యం మార్చాలి. దండెం రెండడుగులు పక్కకి జరిపితే బొమ్మలోంచి బయటికి పోద్ది. ఫ్లెక్సీ, దిష్టిబొమ్మ మన చేతిలో లేవు కాబట్టి యాప్‌లో డిటెక్షన్ ఏరియా అని ఉంటది, అక్కడికి పోయి వేలితో గీసి ఆ రెండు చోట్లూ వదిలేసి, మీ గేటు, మెట్లు, కిందున్న బండ్ల చోటు వరకే ఉంచండి. ఏరియా గీసేటప్పుడు మనిషి తల నుంచి కాళ్ల దాకా పట్టేట్టు గీయాలి, కొంతమంది నేల వరకే సన్నగా గీస్తారు, చాలా కెమెరాల్లో ఆకారంలో తగినంత భాగం ఏరియాలోకి రాకపోతే పట్టించుకోదు. ఇంకోటి, మీ కెమెరా మేడ మీద నుంచి బాగా కిందికి వంగి చూస్తా ఉంది. పైనించి చూస్తే మనిషి అంటే ఒక తల, రెండు భుజాలు, అంతే కనపడుద్ది, అప్పుడు నిజం మనిషిని వదిలేసి కుక్కని మనిషంటది. 8 నుంచి 10 అడుగుల ఎత్తులో పెట్టి కొంచెం కిందికి వంచితే మనిషి నిలువుగా, స్పష్టంగా పడతాడు, చేతికి అందదు కాబట్టి ఎవరూ తిప్పేయలేరు.

ప్రశ్న: అన్నా, మాకు రొయ్యల చెరువులు ఉండాయి. షెడ్డు కాడ డీజిలు, మోటార్ల కేబుళ్లు పోతన్నాయని రెండు కెమెరాలు పెట్టించా. నీళ్లకి గాలి కలిపే ఏరేటర్లు తిరుగుతానే ఉంటాయి గదా, దానికి అలర్ట్, కొంగ వాలితే అలర్ట్, పిట్టలు రాకుండా కట్టిన తాళ్లు రెపరెపలాడితే అలర్ట్. రాత్రి పూట గట్టు చివర మనిషి నడిచిపోయినా మాత్రం ఏం రాలా. ఎట్టా చేసేది?
– రొయ్యల రైతు, ఇందుకూరుపేట మండలం

జవాబు: అన్నా, నీ బాధ నాకు బాగా అర్థమైంది, చెరువు మీద పెట్టుబడంతా నీళ్లలో ఉంటది, రాత్రి ఏరేటర్లు ఆగితే తెల్లారేసరికి సర్వం పోద్ది, కేబుల్ కోసుకుపోయేవాడు పోయేది కేబుల్ ఒక్కటే కాదని ఆలోచించడు. అందుకని కొంచెం వివరంగా రాస్తా.

మొదట, నీళ్లని కెమెరా నుంచి తీసేయాలి. ఏరేటర్ చక్రం తిరగడం, నురగ, నీళ్ల మీద ఎండ మెరుపు, రాత్రి లైటు మెరుపు, ఇవన్నీ ఆగకుండా పిక్సెల్స్ మారుస్తానే ఉంటాయి, దాన్ని ఏ సెన్సిటివిటీతోనూ సరిచేయలేవు. కెమెరా ఇప్పుడు చెరువు వైపు తిరిగి ఉంది, దాన్ని గట్టు పొడవునా చూసేట్టు తిప్పు. నీళ్లు ఫ్రేములో ఒక పక్కన కొంచెం మిగుల్తాయి, ఆ ముక్కని ఏరియాలోంచి కొట్టేయ్. ఏరేటర్లు తిరుగుతున్నాయా లేదా చూసుకోడానికి కావాలంటే రెండో కెమెరా చెరువు వైపు ఉంచుకో, దాంట్లో మోషన్ అలర్ట్లు మొత్తం ఆపేయ్, అది చూసుకోడానికే, మోగడానికి కాదు. ఏరేటర్ ఆగితే తెలియాలంటే కెమెరా మీద ఆధారపడబాక, కరెంటు పోతే ఫోనుకి కాల్ చేసే చిన్న అలారం బాక్సులు దొరుకుతాయి, అది స్టార్టర్ దగ్గర పెట్టుకో.

రెండోది, గట్టు చివర మనిషికి ఎందుకు రాలేదంటావా. నీ కెమెరా మీద 2.8 ఎంఎం అని ఉంది, అది బాగా వెడల్పుగా చూసే లెన్సు. లెక్క చెప్తా చూడు. ఆ లెన్సు దాదాపు 105 డిగ్రీల వెడల్పు చూస్తది, అంటే 30 మీటర్ల దూరాన 78 మీటర్ల వెడల్పు మొత్తం బొమ్మలోకి వస్తది. 2 మెగాపిక్సెల్ కెమెరాకి అడ్డంగా ఉండేది 1920 పిక్సెల్స్. 78 మీటర్లకి పంచితే మీటరుకి 25 కూడా రావు, అరమీటరు వెడల్పుండే మనిషికి 12 పిక్సెల్స్ వస్తాయి. పన్నెండు చుక్కల్లో అది మనిషో తాటిబొద్దో ఎవరు చెప్పగలరు? అదే 6 ఎంఎం లెన్సు పెట్టావనుకో, వెడల్పు 50 డిగ్రీల దగ్గరికి తగ్గుద్ది, అదే 30 మీటర్ల దూరాన మనిషికి 30 పిక్సెల్స్ పైన వస్తాయి. గట్టు లాంటి పొడుగు చోటుకి వెడల్పు చూపు దండగ, 6 ఎంఎం గానీ 8 ఎంఎం గానీ అడిగి తీసుకో. షెడ్డు లోపలికి 2.8 సరిపోద్ది.

మూడోది, ట్రిప్‌వైర్ అని గానీ లైన్ క్రాసింగ్ అని గానీ మెనూలో ఉంటది, చాలామంది దాని జోలికే పోరు. బొమ్మ మీద ఒక గీత గీస్తావు, ఆ గీతని దాటితేనే అలర్ట్, అది కూడా ఏ వైపు నుంచి ఏ వైపు దాటితే అనేది బాణం గుర్తుతో చెప్పొచ్చు. షెడ్డు ముందర గట్టుకి అడ్డంగా గీత గీసి, బయట నుంచి లోపలికి దాటితేనే అని పెట్టు, పక్కనే హ్యూమన్ అనే టిక్కు ఉంటే అది కూడా పెట్టు. కొంగలు వాలతాయి, నీటికాకులు వస్తాయి, ఏమొచ్చినా మాట్లాడదు. గీత మరీ ఫ్రేము అంచున గీయబాక, దాటకముందు కొంచెం సేపూ దాటాక కొంచెం సేపూ మనిషి కెమెరాకి కనపడాలి, అప్పుడే దాటాడని లెక్కేసుకుంటది. మేత వేసే కుర్రోళ్లు రాత్రి తిరుగుతారు కాబట్టి వాళ్లు వచ్చే టైములు షెడ్యూల్‌లో తీసేయ్, లేదంటే వాళ్ల అలర్ట్లకి నువ్వు అలవాటు పడిపోతావు, అదే టైములో వేరేవాడొస్తే కూడా మనోళ్లేలే అనుకుంటావు.

చివరగా, సముద్రం గాలికి ఉప్పు పట్టి లెన్సు అద్దం మీద పొర కడుతది. ఆ పొర మీద ఐఆర్ పడితే బొమ్మంతా పాలపొంగు అయిపోద్ది. మంచినీళ్లతో తడిపిన మెత్తని గుడ్డతో తుడుస్తా ఉండు, పొడిగా రుద్దితే గీతలు పడతాయి.

ప్రశ్న: మా ఇల్లు రోడ్డు మీదనే, రాత్రంతా గ్రానైట్ లారీలు పోతానే ఉంటాయి. రోడ్డుని ఏరియాలోంచి తీసేశాను సార్, అయినా లారీ పోయినప్పుడల్లా అలర్ట్ వస్తా ఉంది. దుమ్ము కూడా విపరీతం.
– ఒక పాఠకుడు, చీమకుర్తి

జవాబు: రోడ్డుని తీసేశారు గానీ లారీ హెడ్‌లైటుని తీసేయలేదు సార్. లారీ రోడ్డు మీదనే ఉంటది, దాని వెలుగు మీ ముంగిట్లో గోడ మీదుగా ఈ చివర నుంచి ఆ చివరకి పాకుతుంది, దాంతో పాటే గేటు ఊచల నీడలు కూడా పరిగెత్తుతాయి. పిక్సెల్స్ లెక్కపెట్టుకునే కెమెరాకి అది పెద్ద కదలిక. ఇలాంటి చోట మామూలు మోషన్ డిటెక్షన్ పనికిరాదని నేను గట్టిగా చెప్తాను, దాన్ని పూర్తిగా ఆపేసి హ్యూమన్ ఒక్కటే పెట్టండి, వెహికల్ టిక్కు తీసేయండి. మీ కెమెరాలో ఆ సౌకర్యం లేకపోతే కెమెరా చోటు మార్చడమే దారి. ఇంటి గోడ మీద నుంచి రోడ్డు వైపు చూసే బదులు, కాంపౌండు మూల నుంచి ఇంటి తలుపు వైపు అడ్డంగా చూసేట్టు పెట్టండి. రోడ్డు కనపడదు, ఎదురు లైటు లెన్సులోకి కొట్టదు, తలుపు దగ్గరికొచ్చినవాడి మొహం పక్కనించి పడుద్ది.

దుమ్ముకి, మొదటి ఉత్తరంలో పురుగులకి చెప్పిందే. ఐఆర్ వెలుగులో దుమ్ము కణాలు తెల్ల చుక్కల్లా తేల్తాయి, ఐఆర్ పక్కకి పెడితే సగం తగ్గిపోద్ది. మీది డోమ్ కెమెరా కాబట్టి ఇంకో చిక్కు, ఆ బుడ్డి అద్దం మీద దుమ్ము పేరుకుంటే లోపలి ఐఆరే దాని మీద పడి వెనక్కి కొడతది. రెండోసారి కొనేటప్పుడు అద్దం బుడ్డి లేకుండా కంటిగుడ్డులా ఉండే టరెట్ రకం తీసుకోండి, దుమ్ము ఊళ్లకి అదే మేలు.

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో ఉద్యోగం, అమ్మానాన్న కావలిలో ఇద్దరే ఉంటారు. ముందర, వెనక నాలుగు కెమెరాలు. ఆఫీసు మీటింగులో మోగుతుంటే మ్యూట్ చేశాను, నెల క్రితం రాత్రి వెనక గోడ ఎవరో దూకి సైకిల్ తీసుకెళ్లారు, అలర్ట్ వచ్చిందంట, నేను చూడలేదు. రికార్డింగ్ చూస్తే ఆ ముక్క సగమే ఉంది. మనసు బాలేదు.
– ఒక పాఠకుడు

జవాబు: బాబూ, సైకిల్‌తో పోయింది, అమ్మానాన్న క్షేమంగా ఉన్నారు, ముందు దాన్ని మనసులోంచి తీసేయ్. రోజంతా అబద్ధం చెప్పే అలర్టుని ఎవరైనా మ్యూట్ చేస్తారు. అలర్టు మోగిందంటే లేచి చూడాలి అనిపించేంత అరుదుగా రావాలి, మనం చేసే సర్దుబాటంతా దానికోసమే.

నాలుగు కెమెరాలకీ ఒకే రూలు పెట్టబాక. ముందు గేటు దగ్గర పగలంతా పాలాయన, కూరగాయలామె, పనిమనిషి, పార్సిల్ కుర్రోళ్లు వస్తానే ఉంటారు, అక్కడ అలర్ట్లు రాత్రి 11 నుంచి పొద్దున 5 వరకే ఉంచు. వెనక గోడ వైపు పగలైనా రాత్రైనా ఎవరూ రావాల్సిన పని లేదు కాబట్టి అక్కడ 24 గంటలూ ఉంచు, దానికి వేరే రింగ్‌టోన్ పెట్టుకునే వీలుంటే పెట్టుకో. పక్కవాటాలో కెమెరా, మేడమెట్ల కెమెరా, వీటికి అలర్ట్ అసలు అవసరమే లేదు, రికార్డింగ్ చాలు. వెనక కెమెరా అలర్టు నీకొక్కడికే కాకుండా, మీరు నమ్మే పక్కింటి వాళ్లకో అక్కడే ఉండే మీ బాబాయికో యాప్‌లో షేర్ చేయి. నువ్వు హైదరాబాద్ నుంచి రావాలంటే ఎన్ని గంటలు పట్టుద్దో నీకు తెలుసు, వాళ్లు రెండు నిమిషాల్లో వచ్చి తలుపు కొడతారు. సైరను మాత్రం ఇప్పుడే అలర్టుకి తగిలించబాక, పిల్లికి సైరన్ మోగితే పెద్దోళ్లు అర్ధరాత్రి హడలిపోతారు. తప్పుడు అలర్ట్లు పూర్తిగా తగ్గాయని నీకు నమ్మకం కుదిరినాక పెట్టుకోవచ్చు.

ఆ ముక్క సగమే ఎందుకుందంటే నీ డీవీఆర్‌లో, అంటే కెమెరాల రికార్డింగు పెట్టెలో, రికార్డింగు మోషన్ ఉన్నప్పుడే అని పెట్టి ఉంది. చోటు మిగుల్తుందని చాలామంది టెక్నీషియన్లు అట్టా పెట్టేసి పోతారు, నాకు అది అసలు నచ్చదు. అలర్టుకి ఎంత గట్టి జల్లెడ పెట్టినా ఫర్వాలేదు, రికార్డింగుకి మాత్రం జల్లెడ పెట్టకూడదు. లెక్క వేసుకో, 2 మెగాపిక్సెల్ కెమెరా హెచ్ 265లో (వీడియోని కుదించి దాచే పద్ధతి) సెకనుకి 2 మెగాబిట్లు రాస్తే రోజుకి 21.6 జీబీ. నాలుగు కెమెరాలకి 86 జీబీ చిల్లర. 1 టీబీ డిస్కులో పదకొండు రోజులు వస్తది, 2 టీబీ పెడితే ఇరవై రోజుల పైనే. కంటిన్యువస్, అంటే ఆగకుండా రికార్డు అయ్యేట్టు, పెట్టేయ్. అప్పుడు అలర్ట్ ఎంత తగ్గించినా, పొరపాటున ఏదన్నా తప్పిపోయినా బొమ్మ మాత్రం డిస్కులో ఉంటది, పోలీసులకి చూపించొచ్చు.

ప్రశ్న: కొత్తపట్నంలో సముద్రానికి దగ్గర్లో మా తోట. గాలి కొడితే చాలు, ఏమీ లేకపోయినా అలర్ట్లు. కార్తీకమాసం వానల్లో అయితే ఇంక చెప్పక్కర్లా.
– ఒక పాఠకుడు

జవాబు: వీడియో చూశాను, చెట్లే కాదు గోడ కూడా కదుల్తా ఉంది, అంటే కదిలేది మీ కెమెరా పోలు. పోలు చివర ఒక్క అంగుళం ఊగితే బొమ్మంతా మారిపోద్ది. సన్న పైపు తీసేసి లావు జీఐ పైపు వేయించి కింద కాంక్రీట్ పోయించండి, లేదంటే మోటారు షెడ్డు గోడకి బిగించండి. సముద్రం పక్కన కాబట్టి బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీలువి వాడండి, మామూలువి తుప్పు పట్టి వదులైపోతాయి. వానకి, కెమెరా పైన రేకు ముక్క ఒకటి ముందుకి పొడుగ్గా వచ్చేట్టు వేయండి, చూరు నీళ్లు లెన్సు ముందర ధార కట్టకుండా చూసుకోండి. మనవైపు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలవే, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, ఈ పనులు సెప్టెంబర్లో చేయించుకుంటే నయం. తుఫాను రాత్రి మాత్రం మోగుతుంది, దాన్ని ఆపాలని చూడకండి.

ప్రశ్న: టంగుటూరులో మా షాపు ముందర ట్యూబులైటు కింద కెమెరా ఉంది. బొమ్మలో నల్ల పట్టీలు పైకీ కిందకీ జారుతుంటాయి, అలర్ట్లు కూడా వస్తా ఉన్నాయి.
– ఒక షాపు యజమాని

జవాబు: సెట్టింగ్స్‌లో యాంటీ ఫ్లికర్ అని గానీ పవర్ ఫ్రీక్వెన్సీ అని గానీ ఉంటది, 60 హెర్ట్జ్ మీద ఉండుంటది, దాన్ని 50 చేయండి. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్. ఎక్కువ శాతం దాంతోనే పోద్ది. అప్పటికీ పోకపోతే ట్యూబుని మంచి ఎల్ఈడీతో మార్చండి.

ప్రశ్న: మాకు సాయంత్రం చీకటి పడే టైములో ఒక్కసారిగా ఏడెనిమిది అలర్ట్లు వచ్చి ఆగిపోతాయి. మళ్లీ రాత్రి మధ్యలో అప్పుడప్పుడూ, కెమెరా ఆఫ్‌లైన్ అని కూడా వస్తది. పగలు ఏ ఇబ్బందీ లేదు.
– ఒక పాఠకురాలు, సింగరాయకొండ

జవాబు: అమ్మా, ఇవి రెండు వేరు వేరు జబ్బులు. సాయంత్రం వచ్చేవి కెమెరా కలర్ నుంచి బ్లాక్ అండ్ వైట్‌కి మారేటప్పుడు వస్తాయి. లోపల ఒక చిన్న ఫిల్టరు టిక్కుమని పక్కకి జరుగుద్ది, ఐఆర్ వెలుగుతుంది, బొమ్మ మొత్తం మారిపోద్ది. వెలుతురు అటూ ఇటూ ఊగిసలాడే టైములో అయిదు నిమిషాలకోసారి మారుతుంటది. డే నైట్ దగ్గర ఆటో తీసేసి టైము పెట్టేయండి, సాయంత్రం 6.30కి నైటు, పొద్దున 6కి డే, కాలాన్ని బట్టి కొంచెం మార్చుకోండి.

రాత్రివి కరెంటువి. మీ కెమెరా 12 వోల్టులది, త్రీ ప్లస్ వన్ కేబుల్ (కరెంటూ బొమ్మా కలిపి పోయే తీగ) మీద ఇంటి వెనకదాకా పోయింది అని రాశారు. రాత్రి ఐఆర్ వెలిగితే కెమెరా ఎక్కువ కరెంటు లాగుద్ది, పొడుగు సన్న తీగలో వోల్టేజీ పడిపోద్ది, కెమెరా ఆగి మళ్లీ మొదలవుద్ది, ఆన్ అయిన ప్రతిసారీ అలర్ట్. రాత్రిపూట ఐఆర్ వెలిగినప్పుడు కెమెరా చివర మల్టీమీటరు పెట్టి చూడమనండి, 11 కంటే కిందికి పోతా ఉంటే కెమెరా దగ్గర్లో వేరే అడాప్టర్ పెట్టించండి, జాయింట్లు నల్లబడి ఉంటే కోసి కొత్తగా వేయించండి.

ప్రశ్న: బాల్కనీలో బ్యాటరీతో నడిచే వైఫై కెమెరా పెట్టాను. చలికాలం బాగా పనిచేసింది, మే నెలలో ఎండకి ఉత్తినే మోగుద్ది, మనిషి వస్తే ఊరుకుంటది. పాడైందా?
– ఒక పాఠకుడు, దర్గామిట్ట, నెల్లూరు

జవాబు: పాడవలేదు. బ్యాటరీ కెమెరాలు ఎక్కువ భాగం నిద్రలో ఉంటాయి, పీఐఆర్ అనే సెన్సర్ లేపితేనే లేస్తాయి. ఆ సెన్సర్ బొమ్మని చూడదు, వేడిని చూస్తది, చుట్టూ ఉన్న వేడికి తేడాగా ఉన్నదేదో ముందర నుంచి జరిగిపోతే కనిపెడుతుంది. మన ఒంటి పైచర్మం వేడి 34, 35 డిగ్రీలు ఉంటది. నెల్లూరు ఎండల్లో మధ్యాహ్నం గాలే 40 దాటుద్ది, గోడ అంతకంటే కాలిపోతా ఉంటది, ఇంక మనిషికీ గోడకీ పెద్ద తేడా ఏం కనపడుద్ది దానికి? అందుకే మనిషిని వదిలేస్తది. ఉత్తినే మోగేది ఏసీ అవుట్‌డోర్ యూనిట్ నుంచి వచ్చే వేడిగాలికి, మీరు పంపిన ఫోటోలో అది సెన్సర్ ఎదురుగానే ఉంది. కెమెరా మొహం ఏసీ వైపు, పడమటి ఎండ వైపు లేకుండా తిప్పి పెట్టండి. ఇంకొకటి గుర్తుపెట్టుకోండి, ఈ సెన్సర్ తన ముందు నుంచి అడ్డంగా దాటే మనిషిని బాగా పట్టుద్ది, తిన్నగా తన మీదికే నడిచొచ్చేవాణ్ణి ఆలస్యంగా పట్టుద్ది. మెట్లెక్కి వచ్చేవాళ్లు కెమెరాకి అడ్డంగా దాటేట్టు చోటు చూసుకోండి.

ప్రశ్న: ఇన్ని చెప్పారు గానీ సెన్సిటివిటీ ఎంత పెట్టాలో ఒక నంబరు చెప్పండి సార్.
– ఒక పాఠకుడు, బాలాజీనగర్, నెల్లూరు

జవాబు: ఒక నంబరు చెప్తే అది మీ ఇంటికి పనికిరాదు, ఒక్కో కంపెనీ స్కేలు ఒక్కో రకం, ఒకరిది 5కి, ఇంకొకరిది 100కి. పద్ధతి చెప్తాను. పైన చెప్పినవన్నీ, అంటే బూజు, లైటు, ఏరియా, ఎత్తు, ఇవన్నీ అయిపోయినాక సెన్సిటివిటీ మధ్యలో పెట్టండి. రాత్రి అందరూ పడుకున్నాక ఇంట్లో ఒకరు గేటు తీసుకుని మామూలు నడకతో తలుపు దాకా రండి, తర్వాత గోడవారగా నక్కి నడవండి, తర్వాత నల్ల దుప్పటి కప్పుకుని నడవండి. మూడు సార్లూ అలర్ట్ వస్తే ఒక మెట్టు తగ్గించి మళ్లీ అదే చేయండి. ఏ మెట్టు దగ్గర నడక తప్పిపోయిందో దానికి ఒక మెట్టు పైన ఆపేయండి. ఈ నడక పరీక్ష పగలు చేస్తే లెక్కలోకి రాదు, రాత్రే చేయాలి. చెట్టు కొమ్మలు కొట్టించినప్పుడు, కొత్త లైటు పెట్టినప్పుడు, వానాకాలం పోయి ఎండలొచ్చినప్పుడు మళ్లీ ఒకసారి నడిచి చూసుకోండి.